మౌలాలీ పసుపుతాళ్లు

నరసరావుపేట నర్సింగ్‌హోములో ఎక్స్‌రేలు తీసే మౌలాలీకి మంచిగా మాట్లాడటం చేతకాదు. మందుమరకల వేళ్లతో మీసం దువ్వుకుంటా, ప్రాణమ్మీదికొచ్చిన వాణ్ణయినా "కదలమాక, నీ పెళ్లిఫొటో కాదిది" అని కసురుతాడు. ఒట్టి మెడతో ఏ ఆడదీ బల్లెక్కదని, తాళి తీయించినప్పుడు కట్టించడానికి చీకటిగదిలో పసుపుకొమ్ముల తాళ్లు దాచిపెడతాడు.

ఆ పొద్దు చీరకుచ్చిళ్లు సర్దుకుంటా, పళ్లమధ్య పెట్టుకున్న పిన్నీసు మింగేసి దుర్గమ్మ వచ్చింది. కంగారులో మౌలాలీ తాళి సంగతి మరిచాడు. ఫిల్ములో నాలుగు పిన్నీసులు! మూడు తాళికి వేలాడేవి.

"మింగిందేదయ్యా ఇందులో?" డాక్టరు తల పట్టుకున్నాడు.

"మెళ్లో ఇనపకొట్టు తెరిచావేందమ్మా!" తప్పు తనదైనా మౌలాలీ ఆమెనే కసిరి, పసుపుతాడు ఆమె మొగుడు నరసయ్య చేతిలో పెట్టాడు. "కట్టన్నా, ఇది ఫిల్ములో పడదు."

నరసయ్య పాత తాళి తీసి, పసుపుతాడు కట్టి పెళ్లాన్నే మళ్లీ పెళ్లాడాడు. రెండో ఫిల్ములో ఒకటే పిన్నీసు, నోరు తెరుచుకుని, మొన కిందికి. ఆ ఫిల్ము చూసుకుంటానే డాక్టరు పొడుగాటి పట్టకారుతో పైకి లాగాడు.

గొంతు రాగానే దుర్గమ్మ "నా పిన్నీసేదీ?" అంది. కడిగిచ్చారు. తాళి వేసుకోడానికి రెండు చేతులూ కావాలిగా, పిన్నీసు పళ్లమధ్య పెట్టుకుంది.

మౌలాలీ చీకటిగదిలోకెళ్లి ఇంకో ఫిల్ము ఎక్కించాడు.