బరువు పడేయడం నేర్చుకున్న ఎండాకాలం

తిరువూరులో మామిడికాయల లారీలు బారులు తీరే రోజులవి. ఏడింటికే ఎండ చురుక్కుమనేది. అయినా బూట్లు తొడుక్కునే వేళకు గీతాంజలి అరచేతులు చల్లబడిపోయేవి. ట్రాక్‌ప్యాంటుకు రుద్దుకుని, ఎవరి కంటా పడకముందే స్కూటీ ఎక్కేది.

ఆమె వెయిట్‌లిఫ్టర్. విస్సన్నపేట రోడ్డులో మామిడితోట ఉన్న గిరిబాబు కూతురు. తొమ్మిదో తరగతిలో, బడి వార్షికోత్సవం నాడు బరువైన చెక్క బల్లను ఒక్కతే ఎత్తి పక్కన పెడుతుంటే వ్యాయామం మాస్టారు రాయప్ప చూశారు. ఆయన రిటైరయ్యాక తన ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, ఆమెను అక్కడే తయారుచేశారు. రాష్ట్రస్థాయి పతకాలొచ్చాయి. కిందటి డిసెంబరులో జాతీయ పోటీలకు వెళ్ళింది.

అక్కడే జరిగింది అది. స్నాచ్‌లో బరువును నేల మీంచి ఒక్క ఊపున లేపి, అది గాలిలో ఉండగానే చేతులు పైకి చాచి దాని కిందికి దూరి కూర్చోవాలి. గీతాంజలి కూర్చుంది. ప్లేట్లు తొడిగిన ఇనుప బార్ వెనక్కి వాలింది. వదిలేయాల్సింది పోయి పట్టుకునే ఉంది. కుడి మోచేయి టప్పుమని పక్కకి తప్పింది. నొప్పి ఆ తర్వాత తెలిసింది గానీ, ఆ చప్పుడు మాత్రం ఆమెను వదల్లేదు. ఇంట్లో ఎవరైనా కొబ్బరికాయ కొట్టినా ఉలిక్కిపడి మోచేయి పట్టుకునేది.

"ఎముక బ్రహ్మాండంగా ఉంది, ఇక మొదలుపెట్టుకోవచ్చు" అన్నాడు విజయవాడ డాక్టరు. మళ్ళీ డిసెంబరులో జాతీయ పోటీలు. ఈ ఎండాకాలంలో పాత బరువుకు చేరకపోతే ఆ పోటీ లేనట్టే.

తేలిక బరువులతో బాగానే సాగింది. అరవై కిలోలు దాటాక ఒళ్ళు మొరాయించింది. బార్ ఛాతీ దాకా లేచేది. ఇక కిందికి దూరాలి అనేసరికి వేళ్ళు వాటంతటవే విడిపోయేవి. ప్లేట్లు దభీమని నేలను తాకేవి. రేకుల కింద వేడికి ఊపిరాడకపోయినా వీపు మీద చలిచెమట.

"ఏమైందమ్మా?" అనేవారు మాస్టారు.

"మోచేయి లాగుతోందండీ" అనేది. అబద్ధం. అది చెప్పాక ఇంకా భయమేసేది, ఆయన కనిపెట్టేస్తారేమోనని.

ఆ మాట గిరిబాబు దాకా వెళ్ళింది. సాయంత్రం తోట నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా కూతురి పక్కన కూర్చున్నాడు. "చాల్లే తల్లీ, ఇక్కడితో ఆపేద్దాం. నీ చెయ్యి కంటే ఎక్కువా పతకాలు?" అన్నాడు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ఒక్క క్షణం గుండె తేలికైంది గీతాంజలికి. మరుక్షణమే, ఒప్పేసుకుంటానేమోనని అంతకు మించిన భయం పట్టుకుంది. లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

తప్పు ఎక్కడ జరుగుతోందో చూసుకుందామని మర్నాడు ఫోను కిటికీలో నిలబెట్టి తన లిఫ్టులు రికార్డు చేసింది. షెడ్డు బయట వేపచెట్టు నీడలో కూర్చుని చూసుకుంది. బార్ లేస్తోంది. తన చేతులు విడిపోతున్నాయి. రెండోసారి చూసినప్పుడు వెనక నిలబడ్డ మాస్టారు కనిపించారు. బార్ లేచిన ప్రతిసారీ ఆయన మొహం గోడవైపు తిప్పేసుకుంటున్నారు.

ఇన్నాళ్ళూ తను భయపడుతున్నా, భయపడని మనిషొకరు వెనక ఉన్నారనే ధైర్యంతో వస్తోంది. ఫోను తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

మాస్టారు అది చూశారు. మెడలోని తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "చూళ్ళేకపోతున్నానమ్మా. బార్ లేవగానే ఆ రోజే కళ్ళముందుకొస్తోంది."

"మరి రోజూ ఎత్తమంటున్నారెందుకు?"

"మానేస్తానని నువ్వే అంటావేమోనని చూస్తున్నా."

"మీరే ఆపేద్దామంటారేమోనని నేను చూస్తున్నానండీ. మోచేయి లాగడం లేదు. అబద్ధం చెప్పాను."

"తెలుసు" అన్నారాయన.

ఇద్దరూ చెమటలు కక్కుతూ, ఆమె బరువులెత్తే చెక్క వేదిక అంచున కూర్చున్నారు. మాస్టారే అన్నారు: "నీకు ఎత్తడం నేర్పాను గానీ పడేయడం సరిగ్గా నేర్పలేదు. ముందు అది నేర్చుకుందాం."

మే నెలంతా వాళ్ళు బరువు పడేశారు. తల మీది బార్‌ను వెనక్కి వదిలి తను ముందుకు దూకడం, ముందుకు వాలితే తోసేసి వెనక్కి తప్పుకోవడం. మొదట ఉత్త బార్, తర్వాత కొంచెం కొంచెంగా ప్లేట్లు. దడదడ చప్పుళ్ళకు పక్కింటి మాణిక్యమ్మ గోడ మీంచి తొంగిచూసి "మాస్టారూ, మా పెంకులు జారిపోతున్నాయండీ!" అని కేకలేసేది. గీతాంజలి ప్రతిసారీ వణుకుతూనే దూకింది. మాస్టారు ప్రతిసారీ పళ్ళు బిగించి చూశారు.

జూన్‌లో, తొలకరి ఇంకా పడకముందు, బార్‌కు పాత బరువు ఎక్కించారు. బార్ లేచింది. గీతాంజలి కిందికి దూరింది. బార్ మళ్ళీ వెనక్కి, అచ్చం ఆ రోజులాగే వాలింది. ఆమె గొంతులోంచి కేక వచ్చింది. అంతలోనే చేతులు విడిపోయాయి, కాళ్ళు ముందుకు దూకాయి. బార్ ఆమె వెనక పడి గోడదాకా దొర్లింది. మోచేయి మడిచింది, చాపింది, మళ్ళీ మడిచింది. ఏమీ కాలేదు. మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చేసింది. మాస్టారు వచ్చి మోచేయి తడిమి చూశారు. "ఇంకోసారి పెట్టనా?" అనడిగారు. కళ్ళు తుడుచుకుని తలూపింది. ఈసారి బార్ నిలిచింది.

డిసెంబరులో పోటీలు ఉత్తరాదిన, ఊపిరి పొగలా కనిపించే చలిలో జరిగాయి. స్నాచ్‌లో మూడు అవకాశాలే. మొదటిసారి కిందికి దూరకుండానే వదిలేసింది. రెండోసారి దూరింది, బార్ వెనక్కి పోయింది, పడేసి ముందుకు దూకింది. హాలంతా అయ్యో అంది. ఇంకొక్కటి పోతే పోటీ నుంచే అవుటు. తెర పక్కన మాస్టారి మొహం పాలిపోయింది. కానీ గోడవైపు తిప్పుకోలేదు. మూడోసారి గీతాంజలి బార్ కింద కూర్చుని, అలాగే పైకి లేచింది. లిఫ్టు చెల్లిందని తెల్లదీపాలు వెలిగాయి.

చివరికి ఏడో స్థానం వచ్చింది. పతకం లేదు. తండ్రికి ఫోను చేస్తే ఆయన ముందు చెయ్యి గురించే అడిగాడు.

"బాగానే ఉంది నాన్నా."

"భయమేసిందా తల్లీ?"

"చాలా వేసింది. ఇప్పటికీ కాళ్ళు నిలవట్లేదు" అంది గీతాంజలి. అవతల గిరిబాబు ముక్కు చీదుకోవడం వినిపించింది. "సరే, ముందు కూర్చో. ఏమన్నా తిను" అన్నాడు.