లాభంతో మొదలయ్యే లెక్క

ఉదయం అయిదూ నలభైకి సాతంరాయి దగ్గర షేర్ ఆటో ఎక్కాను. శంషాబాద్‌కు ముప్పై రూపాయలు. అక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్ బస్సు, ఎనిమిదీ పదికి బెంగళూరు విమానం, పదకొండున్నరకు డాక్టరేట్ మౌఖిక పరీక్ష. ఇది రెండోసారి. ఈసారీ కుదరకపోతే ఆరేళ్ల చదువు మూటగట్టి అటక మీద పెట్టాల్సిందే.

కంపెనీలకు టెక్నాలజీ సలహాలు ఇవ్వడం నా ఉద్యోగం, సమాచార నిర్వహణ నా పరిశోధన. మామిడిపల్లి గోదాములో మేస్త్రి సంచులు లెక్కపెడుతుంటే విని, ఒక్కో అంకెకు ఒక్కో సంచి రాసుకునే యంత్రం పెట్టించాను. యంత్రం లెక్కలో ప్రతి లారీకీ ఒక సంచి తగ్గేది. కారణం సిబ్బంది అజాగ్రత్త అని థీసిస్‌లో రాశాను. రుజువేదని పోయినసారి పరీక్షకురాలు అడిగి, థీసిస్ వెనక్కి పంపారు.

ఆటోలో నా పక్కన తోటకూర అమ్మే అక్క కూర్చుంది. శంషాబాద్‌లో దిగి, కట్టలు కిందికి అందివ్వమంది. అందుకుంటూ లెక్కపెట్టింది. "లాభం, రెండు, మూడు..."

నా చేతిలో కట్ట అక్కడే ఆగిపోయింది. వడ్లు కొలిచేటప్పుడు మా ఇంట్లోనూ మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ మాట వింటూ పెరిగినవాణ్ణే.

బస్టాండులో ఇడ్లీ తింటూ గోదాము హమాలీ మేస్త్రి వెంకటన్నకు ఫోన్ చేసి, మొదటి సంచిని ఒకటి అంటావా అని అడిగాను. మా ఊరివాడే.

"ఒకటి అని ఎట్లంటం తమ్మీ? మొదటి సంచి లాభమే గద. మీ ఇంట్ల వడ్లు కొల్వలేదా ఏంది?"

సిగ్గుతో తల దించుకున్నాను. విమానంలో కాఫీ కూడా తీసుకోకుండా పాత రికార్డింగులు విన్నాను. ప్రతి లారీ దగ్గరా లాభం వినిపించింది. యంత్రానికి అది అంకె కాదు, అంతే. ఇన్నాళ్లూ పట్టికలు చూశాను తప్ప మనుషుల గొంతులు వినలేదు.

పరీక్షలో మొదటి మాటగా నా తప్పు ఒప్పుకున్నాను. అజాగ్రత్త వెంకటన్నది కాదు, నాది. రికార్డింగు వినిపించాను. పరీక్షకురాలు దాన్ని రెండోసారి పెట్టమన్నారు, చివరికి నవ్వారు. ఆ పేజీ మార్చి ఇస్తే చాలని, అందరి ముందూ నన్ను డాక్టర్ అని పిలిచారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని హాయిగా ఏడ్చాను.

సాయంత్రం ఆరున్నరకు శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో దిగాను. ఇటు వచ్చేవారు టాక్సీ కోసం తొందరపడకండి, బస్సు కిటికీలోంచి చూస్తే ఈ చోటు ఇంకా బాగుంటుంది. నాకైతే ఆ సాయంత్రం రన్‌వే దీపాలు కూడా నా కోసమే వెలిగించినట్టున్నాయి. బస్సులోంచే వెంకటన్నకు చెప్పాను.

"మన సాతంరాయిల గిట్ల డాక్టర్ చదువు చదివినోళ్లు ఎంతమంది తమ్మీ?" అని అడిగాడు.

"నాకు తెలిసి ఒక్కణ్ణే అన్నా."

"ఒక్కడు అనకు. లాభం అను."