ఫరీద్ భాయ్ జాకీ

బరువున్నది ఏది కనిపించినా దానికి జాకీ బిగించందే మా శామీర్‌పేట ఫరీద్ భాయ్‌కి నిద్ర పట్టదు. జాకీ అంటే టైరు మార్చేది కాదు. ట్రాక్టరు ట్రాలీని కంకరతో సహా పైకి లేపుతుందే, ఆ హైడ్రాలిక్ సిలిండర్. వాళ్ల బాపు కాలం నాటి ట్రాక్టరు ఒకటుంది ఆయనకు. దాని నూనె పంపుకు గొట్టం తగిలించి, ఆ చివర ఊళ్లో ఏది దొరికితే అది లేపుతాడు.

చిక్కంతా దించడంలోనే. ఆ పాత బండి నూనెకు తొయ్యడమే తెలుసు. దిగడం ఆ వస్తువు బరువును బట్టి ఉంటుంది. కోళ్లగూడు మూతకు బిగిస్తే మూత దర్జాగా లేచింది. తేలికది కావడంతో దిగనని మొరాయించింది.

"ఇప్పుడెట్ల?" అంది ఆయన భార్య హజీరా.

"జర పట్టుకొని ఏలాడు."

ఆవిడ వేలాడింది. మూత దిగింది గానీ కోళ్లు వారం దాకా ఆ గూటి ఛాయలకు రాలేదు.

మేడ్చల్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లి, బిర్యానీ దేగ్చాకు కూడా జాకీ పెడతానంటే వంటవాళ్లు గరిటెలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. మేం నవ్వేవాళ్లం. కానీ ఆయన పనితనం చూస్తే నాకు ముచ్చటేసేది. బిగించిన చోట చుక్క నూనె కారేది కాదు.

మొన్న ఎండాకాలం మా పక్క చేను వినోదక్క కుడి భుజం విరిగింది. అతుక్కుంది గానీ చెయ్యి పైకి లేవదు. ఆమెదీ పాత ట్రాక్టరే. సాలు చివర మలిపినప్పుడల్లా వెనక్కి తిరిగి కుడిచేత్తో ఇనుప కడ్డీ గుంజితేనే నాగలి లేస్తుంది. వానలు మొదలయ్యాయి. ఈసారి దున్నకపోతే చేను ప్లాట్ల వాళ్లకు ఇచ్చేయడమే అంది. మేం దున్నిపెడతామంటే ఒంటికాలి మీద లేచింది. "నేనేమన్న సచ్చిన్నా?"

ఫరీద్ భాయ్ సాయం మాటే ఎత్తలేదు.

"చెల్లె, జాకీ ట్రయల్ జూడాలె. ఊళ్లె ఎవ్వరు నాగలి ఇస్తలేరు. నీదిస్తవా?"

"ఖరాబ్ జేస్తే?"

"తిట్టు."

"అదెట్లైనా తిడత. తీస్కో."

ఎవరి జాలీ ఒప్పుకోని మనిషి ఆయన మీద జాలిపడి ఇచ్చింది. ఆయన తన బండి పంపు ఊడదీసి మరీ, జాకీతో సహా ఆమె బండికి బిగించాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె బండెక్కింది. సాలు చివర జాకీ పిడి నొక్కగానే నాగలి మట్టి రాలుస్తూ లేచింది. మలిపి వదిలేస్తే తన బరువుకు తనే దిగి నేలలో దిగబడింది. ఎవరూ వేలాడనక్కర్లేకపోయింది.

ఆమె బండి ఆపింది. "పిడి ఎడమ దిక్కు ఎందుకు వెట్టినవన్నా? అందరికి కుడి దిక్కేగద."

"గక్కడనే జాగ దొరికింది," అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

ఆమె తన కుడి భుజం కేసి చూసుకుంది. ఈ ట్రయల్ ఎవరి కోసమో నాకప్పుడు అర్థమైంది. ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

సాయంత్రానికి చేనంతా దున్ని, ఆమే ఛాయ్ తెచ్చి ఆయన చేతికిచ్చింది. "ట్రయల్ అయిందిగా. ఇగ నీ సామాను ఇప్పుకో అన్నా."

ఫరీద్ భాయ్ ఛాయ్ ఊదుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క దున్నకంల ఏం తెలుస్తది చెల్లె? ఓ పదేండ్లు నడిపి జూడాలె."