ఇంకొంచెం పోసిన నూనె

పోయిన ఏడాది ఒక ఆదివారం, పాత పుస్తకాలు కొందామని మావారితో అబిడ్స్ వెళ్లాను. కారు నేనే నడుపుతున్నాను. సిగ్నల్ దగ్గర ఆగి కదలగానే వెనకాల నీలం పొగ కమ్ముకుంది. ఫుట్‌పాత్ మీది పుస్తకాలే కనిపించలేదు. "మంటలు!" అని ఎవరో అరిచారు. కారు పక్కకు ఆపాను. మావారు బానెట్ ఎత్తేసరికి ఒకతను నీళ్ల బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు.

"జర ఆగుండ్రి, నీళ్లు పోయకుండ్రి!" పుస్తకాలు ఏరుకుంటున్న ఒక పెద్దాయన అడ్డొచ్చారు. నాంపల్లిలో మెకానిక్‌నని చెప్పి, పొగ వాసన చూశారు. "మంట గాదమ్మా, ఆయిల్ కాలుతున్నది."

"టర్బో పోయిందా?" అని అడిగారు మావారు. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఆ భాగం మార్చాలంటే బోలెడు ఖర్చు.

పెద్దాయన పది నిమిషాలు ఆగి, ఇంజిన్‌లో నూనె ఎంతుందో చూపే ఆయిల్ పుల్ల తీశారు. నూనె, దాటకూడని పై గీతకు వేలెడు ఎత్తున ఉంది. "గింత ఎవరు పోసిన్రు?"

"నేనే. బండి ఆపగానే చూస్తే తక్కువ కనిపించేది. చూసినప్పుడల్లా ఇంకొంచెం పోసేదాన్ని."

"ఆపంగనే చూస్తే నూనె ఇంకా కిందికి దిగదు తల్లీ. ఇప్పుడు కింద నిండిపోయి, టర్బోలకు పోయిన నూనెకు వాపస్ వచ్చే తొవ్వ లేదు. గదే కాలి పొగైతున్నది. మీ బండికి ఆకలి గాదు, అజీర్తి!"

తాడు కట్టి తన షెడ్డుకు లాగించి, ఎక్కువైన నూనె తీసేశారు. మళ్లీ స్టార్ట్ చేసిన కాసేపటికి పొగ ఆగిపోయింది. టర్బో మార్చాలన్నా నమ్మేవాళ్లం. ఆయన అనలేదు.

ఇప్పుడు అన్నం వడ్డిస్తూ "ఇంకొంచెం" అంటే చాలు, మావారు కంచానికి చెయ్యి అడ్డం పెడతారు. "పై గీత దాటిందోయ్!" ఆ పెద్దాయనకు మనసులోనే దండం పెట్టుకుని, గరిటె గిన్నెలో పెట్టేస్తాను.