ఆ లైను కొట్టనన్న గుమాస్తా

మా ఆఫీసు గుమాస్తా పోయిన వారం చనిపోయారు. పొద్దున్నే ఆయన కూతురు ఫోన్ చేసి, "మేడం, బాపు ఇగ లేడు" అంది. ఆ రోజు నాకు రెండు కేసులున్నాయి. రెండింటికీ వాయిదా తీసుకుని నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కాను. నేను చేరేసరికి ఎత్తడానికి సిద్ధం చేస్తున్నారు. కళ్లజోడు లేకుండా ఆయన ముఖం చూడటం అదే మొదటిసారి. నాకు ఏడుపు అంత తేలిగ్గా రాదు, అక్కడా రాలేదు. తిరుగు బస్సులో మాత్రం రేపటి డ్రాఫ్టు ఎవరితో టైపు చేయించాలి అన్న ఆలోచన వచ్చింది. ఛీ, ఏం మనిషిని నేను, అనిపించింది.

ఆయన ముందు బోధన్ షుగర్ ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేశారు. ఏ రైతు ఏ రోజు చెరుకు నరికి తేవాలో చెప్పే చిట్టీలు టైపు చేయడం పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక నా దగ్గర చేరారు. రోజూ బోధన్ నుంచి వచ్చేవారు. వస్తూనే టిఫిన్ డబ్బా కిటికీ గొళ్లేనికి తగిలించి, "వచ్చిన మేడం" అని ఒక్క మాట చెప్పి కూర్చునేవారు. చాయ్ సాసర్లో పోసుకుని తాగేవారు. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం పారేస్తే ఊరుకునేవారు కాదు.

నా నోరు మంచిది కాదని ఇక్కడి వకీళ్లందరికీ తెలుసు. నేను అరవడం మొదలుపెడితే ఆయన కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకునేవారు. నేను ఆపాక, "అయిపోయిందా మేడం? ఇగ చెప్పురి" అనేవారు. ఆ తర్వాత అరవడానికి నాకేం మిగిలేది కాదు.

ఏ కాగితం ఇచ్చినా ఆయన అడిగే మాట ఒకటే. "గిది ఏడికి పోతది మేడం?"

"కోర్టుకు కాక ఎక్కడికి పోతుందయ్యా" అని విసుక్కునేదాన్ని.

"కోర్టుకాడ ఆగది మేడం. కాగితానికి కాళ్లుంటయ్." ఇక ఫ్యాక్టరీ సంగతి ఎత్తేవారు. "కోత చిట్టీ మీద తారీఖు ఒక్కరోజు అటిటు పడ్డదనుకోరి, బండి గేటు బయట నిలవడతది. చెరుకు ఎండుతది. రైతు నన్ను తిట్టడు, ఆయన నసీబుని తిట్టుకుంటడు. గది ఇంకా బాధ."

ఎన్నిసార్లు విన్నానో ఈ చెరుకు కథ. సగంలోనే ఫైలు తెరిచేసేదాన్ని. అందులో ఏముందో రెంజల్ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చిన రోజున తెలిసింది.

ఆ అమ్మాయి తండ్రి పసుపు రైతు. జర్మనీలో ఉద్యోగం చేసే అబ్బాయికిచ్చి పెళ్లి చేశాడు. అతని భార్యగా పర్మిషన్ తీసుకుని ఆమె అక్కడికి వెళ్లింది. వాళ్ల భాష నేర్చుకుని, ముసలివాళ్లను చూసుకునే ఒక హోంలో పనికి కుదురుకుంది. మూడేళ్ల రెండు నెలలు కలిసి ఉన్నాక గొడవలు ముదిరి, అతను వేరే ఇంటికి మారిపోయాడు. మారిన నాలుగు నెలలకు ఇద్దరూ సెలవు మీద వచ్చారు. పెద్దమనుషులు కూర్చున్నారు, కలపలేకపోయారు. ఇద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకోవడానికి సిద్ధమయ్యారు. అమ్మాయి తరఫు ఫైలు నాది, డ్రాఫ్టు తయారు చేసేదీ మా ఆఫీసే.

ఇక్కడ మా వకీళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. ఇద్దరి ఇష్టంతో విడాకులు కావాలంటే అంతకుముందు ఏడాదైనా విడిగా ఉండి ఉండాలని చట్టం. ఉన్నా లేకపోయినా "ఏడాదికి పైగా విడివిడిగా ఉంటున్నారు" అని రాసేస్తాం. ఇద్దరూ ఒప్పుకున్నాక ఎవరు అడుగుతారు? పెళ్లికార్డులో "బంధుమిత్ర సపరివారంగా" పడ్డట్టు ఆ లైను దానంతటదే పడిపోతుంది. నేనూ లెక్కలేనన్నిసార్లు రాశాను. ఆ రోజూ చెప్పేశాను. ఆయన అక్కడిదాకా టైపు చేసి ఆగిపోయారు.

"బిడ్డా, గీ కాగితం ఏడికి పోతది?" అని ఆ అమ్మాయిని అడిగారు.

"ఆడ ఆఫీసుల ఇయ్యాలె కాకా. బయటి దేశపోళ్లను చూసే ఆఫీసు. పెళ్లి మీద వచ్చిన పర్మిషన్ గద, ఇప్పుడు నన్ను ఉండనియ్యాల్నా వద్దా అని చూస్తరు."

"ఏం జూస్తరు?"

"ఆడ మూడేండ్లు కలిసున్నమా లేదా అని. ఉంటే నా సొంతంగ పర్మిషన్ ఇస్తరు. లేకుంటే ఎల్లిపొమ్మంటరు."

ఆయన వేళ్లు మడిచారు. "నిజంగ విడిపోయి నాలుగు నెల్లాయె. మేడం ఏడాది అని రాయమన్నది. అంటే ఎనిమిది నెల్లు ఎక్కువ రాస్తున్నం. మీ మూడేండ్ల రెండు నెల్లల్లకెళ్లి ఎనిమిది నెల్లు తీసెయ్యి."

అమ్మాయి తీసేసింది. "రెండున్నరేండ్లు" అంది. "కాకా, ఆయన ఇల్లు మారిన తారీఖు ఆడ దఫ్తర్ల రాసున్నది. గీ కాగితం ఇంకోటి చెప్తే నేనే అబద్ధం ఆడిన అంటరు."

"మేడం, నేను గీ లైను టైపు కొట్ట" అన్నారు ఆయన.

నాకు కోపం వచ్చింది. "చట్టం మీరు నాకు నేర్పుతారా?" అని గట్టిగానే అరిచాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. అరుస్తూ అరుస్తూనే నాకు అర్థమైంది. ఒక ఆడపిల్లను నా చేత్తో నేనే ఇంటికి పంపించేస్తున్నాను, అదీ అలవాటు కొద్దీ. సిగ్గేసింది. అంతకుముందు నేను రాసిన లైన్లు ఎవరెవరిని ఏం చేశాయో నాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు.

నిజం రాయాలంటే ఇంకో ఎనిమిది నెలలు ఆగాలి. అబ్బాయి తండ్రి మా ఆఫీసుకొచ్చి ఎగిరిపడ్డాడు. "ఒక్క లైనుకు గింత లొల్లేంది మేడం? అందరు రాసేదే గద! మా పిలగానికి ఇంకో సంబంధం మాట్లాడుకున్నం." అతని మీద నాకేం ఆశ్చర్యం లేదు. అమ్మాయి తండ్రే చేతులు జోడించాడు. "రాసెయ్యురి మేడం. తెగినదాన్ని ఎన్ని దినాలు గుంజుతం? మా ఇజ్జత్ పోతున్నది. పర్మిషన్ లేకుంటే లేకపాయె, నా బిడ్డ నా ఇంట్ల ఉంటది."

అమ్మాయి తండ్రి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. "కాకా, నేనేం జేయాలె?" అని గుమాస్తాను అడిగింది.

"నేను టైపు కొట్టేటోన్ని బిడ్డా, నీ బతుకు నేను చెప్పద్దు" అన్నారు. మళ్లీ ఆయనే, "నువ్వు కలిసున్న దినాలు నీయి. మంచిగున్నా చెడ్డగున్నా నీయే. గవి ఇచ్చెయ్యాల్నంటె నువ్వే ఇయ్యాలె" అన్నారు.

"నేను ఇయ్య. ఆగుత" అంది ఆ పిల్ల.

తండ్రి లేచి మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ విమానం ఎక్కేదాకా ఆమెతో మాట్లాడలేదట. అబ్బాయికి మాట్లాడుకున్న సంబంధం తప్పిపోయింది, దానికీ ఈ పిల్లనే తిట్టారు. అన్నీ పడింది. ఎనిమిది నెలలు దాటాక ఇద్దరూ మళ్లీ వచ్చి పిటిషన్ వేశారు. అతను ఇల్లు మారిన తారీఖు ఏదో అదే ఆయన టైపు చేశారు. చేసి, అమ్మాయితో రెండుసార్లు చదివించారు.

ఆ తర్వాత నిజంగా ఎప్పుడు విడిపోయారో అడగకుండా ఆ లైను నేను ఎవరికీ రాయలేదు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నేను తప్పు చేయబోతుంటే ఆపినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆయన ఒకరు. ఈ మాట ఆయనకు చెప్పి ఉండాల్సింది. జీతం ఇచ్చేదాన్ని కదా, ఇంకేం చెప్పాలి అనుకున్నట్టున్నాను.

విడాకులు అయిన కొన్నాళ్లకు ఆయన ఫోన్‌కు ఆ అమ్మాయి ఒక ఫొటో పంపింది. అక్కడ ఉండటానికి తన సొంతంగా వచ్చిన కార్డు. ఆయన దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, నా టేబుల్ దగ్గరికి తెచ్చారు.

"మేడం, గీండ్ల వైఫ్ ఆఫ్ అని ఏడున్నది?"

"లేదు."

"డాటర్ ఆఫ్?"

"అదీ లేదు."

ఫ్యాక్టరీలోనూ మా ఆఫీసులోనూ కలిపి ఆయన ఎన్ని వేలమంది ఆడవాళ్ల పేర్లు టైపు చేసి ఉంటారో. ఫలానా వాళ్ల భార్య అనో బిడ్డ అనో పక్కన పెట్టకుండా ఒక్క పేరైనా కొట్టి ఉండరు.

"మరి ఎవల మనిషి అని రాసిండ్రు?"

"ఎవరి మనిషి అని రాయలేదు. ఆ పిల్ల పేరు రాశారు, అంతే."

ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని ఫొటోను మళ్లీ చూశారు. తర్వాత కోర్టు వరండాలో వరసగా కూర్చునే టైపిస్టుల దగ్గరికి వెళ్లారు. పని ఆపి చూడమని ఒక్కొక్కరి ముందూ వంగారు. ఫోన్ వెలుగు ఆరిపోబోతే వేలితో తడుతూ, మళ్లీ తడుతూ, ఆ చివరిదాకా నడిచారు.