ప్రబంధ్ కనబడుటలేదు

కామారెడ్డిలో నా టైలరింగ్ దుకాణానికీ, పెయింటర్ సుందర్ అన్న గదికీ మధ్య ఒక్కటే గోడ. మూడేళ్ల పాటు ఆ గోడ అవతల నుంచి దగ్గు తప్ప ఇంకో చప్పుడు వినలేదు నేను. ఆయన భార్య గ్లోరీ వదిన పోయినప్పటి నుంచి ఆయన మనుషులతో మాట్లాడటమే మానేసినట్టు అయ్యాడు. పిల్లలు లేరు. పనీ లేదు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసేవాళ్ల పొట్ట కొట్టాయి. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు ట్రాక్టర్ ట్రాలీ తెచ్చి పేరూ నంబరూ రాయించుకుని పోతారు, అంతే.

ఒకప్పుడు అట్లా కాదు. ఇక్కడి నుంచి ఎల్లారెడ్డి దాకా ఏ ఇంట పెళ్లయినా, ఇంటి ముందు గోడకు సున్నం వేసి, రెండు ఏనుగుల మధ్య పెళ్లికొడుకు పేరూ పెళ్లికూతురు పేరూ రాయాల్సింది ఆయనే. నా పెళ్లికీ ఆయనే రాశాడు. ఆ మొగుడు రెండేళ్లకే నన్ను వదిలేసి పోయాడు. గోడ మీద పేరు మాత్రం పదేళ్లు చెక్కుచెదరలేదు. అంత గట్టి రంగు ఎందుకేశావన్నా అని ఒకసారి ఆయన మీద విరుచుకుపడ్డాను కూడా. పాపం, ఆయనేం చేస్తాడు.

పోయిన వానాకాలం ఒక మగపిల్లి వచ్చి ఆయన రంగు డబ్బాల మీద మకాం పెట్టింది. తెల్లటి పిల్లి. దానికి పేరు పెట్టాలని ఆయనకు పట్టుకుంది. పిల్లిని పిల్లీ అంటే సరిపోదా అన్నాను. వినలేదు.

పేరు ఎంచిన తీరు చూడాలి. ఒక్క పేరునూ నోటితో పలకలేదు. సుద్దముక్కతో గోడ మీద రాయడం, రోడ్డు దాటి అవతల హోటల్ ముందు నిలబడటం, కళ్లు చికిలించి చూడటం. పోయే బస్సులో నుంచి చదవగలిగితేనే అది అక్షరమట. ఆ పేర్లు కూడా మామూలువి కావు. చాలా ఏళ్ల కిందట ఎల్లారెడ్డిలో ఒక బడి గ్రంథాలయం గోడకు, తెలుగు సారు చెబుతుంటే సాహిత్యంలోని రకాలన్నీ వరసగా రాశాడట. అర్థాలు తెలియవు గానీ చేతికి గుర్తున్నాయి. శతకం అని రాశాడు, చివర సున్నా ఖాళీగా ఉందని తుడిచేశాడు. ద్విపద అని రాశాడు, మొదటి అక్షరానికే బరువంతా పోయిందన్నాడు. కావ్యం ఆడపిల్లి పేరులా ఉందట. నాలుగో రోజు ప్రబంధం అని రాసి, మగవాడు కదా అని చివర సున్నా తీసి పొల్లు పెట్టాడు. ప్రబంధ్. 'ప' కింద క్రావడి చుట్టుకుని ఉంది, చివర పొల్లు పిల్లి తోక లేపినట్టుంది. నాకూ నచ్చింది, అబద్ధమెందుకు. కానీ అది ఎవరింటి పిల్లాడి పేరులాగో ఉందని అప్పుడే అన్నాను. ఆయన చిన్న రేకు ముక్క మీద నీలం రంగుతో రాసి, నీడ కూడా వేసి, తలుపు మీద కొట్టుకున్నాడు.

సంక్రాంతి దాటాక పిల్లి మాయమైంది. ఆ రోజు ఎల్లారెడ్డి ట్రాలీ ఒకటి నంబరు రాయించుకుని వెళ్లింది. పిల్లికి ట్రాలీల్లో పడుకునే అలవాటు. అందులోనే పోయి ఉంటుందని ఆయన కుంచె, డబ్బా పట్టుకుని బస్సెక్కాడు. మన పాత బస్టాండు దగ్గర ఒకటి, తాడ్వాయిలో ఒకటి, ఎల్లారెడ్డి బస్టాండు పక్కన ఒకటి, మూడు గోడల మీద రాశాడు:

ప్రబంధ్ కనబడుటలేదు. తెల్లగా ఉంటాడు. నెమ్మదస్తుడు. తెలిసినవారు ఫోన్ చేయగలరు.

కింద నంబరు. పిల్లి అన్న మాట ఎక్కడా లేదు! ముప్పై ఏళ్లు పెళ్లికొడుకుల పేర్లు రాసిన చెయ్యి. పేరు రాస్తే చాలు, ఎవరో ఊరికి తెలిసిపోతుందనుకుంది.

ఇంక చూడండి, ఫోన్లే ఫోన్లు. ఏ కాలేజీ, ఏం చొక్కా, ఇంట్లో ఏమైనా తిట్టారా అని. పిల్లి అని చెప్పగానే కొందరు నవ్వారు, కొందరు బూతులు తిట్టారు. నేను తలబాదుకుని, పోయి పిల్లి అని చేర్చిరమ్మని తరిమాను. ఇక్కడా తాడ్వాయిలోనూ చేర్చాడు. ఎల్లారెడ్డికి రేపు పోత అన్నాడు. ఆ రేపు రాలేదు.

ఎందుకు రాలేదో తర్వాత తెలిసింది. ఎల్లారెడ్డి నుంచి హన్మవ్వ అని ఒక కూలిమనిషి రోజూ పొద్దుగూకే వేళ ఫోన్ చేస్తోంది. చదువు రాదు, గోడ మీదిది ఎవరితోనో చదివించుకుందట. మొదటి రోజు ఆమె అడిగిన మొదటి మాట, "నువ్వు తిన్నవా బిడ్డా?" ఆ మాట అడిగిన మనిషికి పిల్లి అని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. గోడ అవతల నుంచి రోజూ మాటలు వినిపించేవి. ఏం కూర, ఎక్కడ కలుపు, మోకాలి నొప్పి. ఒకరోజు నవ్వు కూడా విన్నాను. మిషన్ ఆపి మరీ విన్నాను.

తొమ్మిదో రోజు పిల్లి తనంతట తనే వచ్చింది, చెవి చిరిగి, బురద పూసుకుని. హమ్మయ్య అనుకున్నాను. ఆ సాయంత్రం ఫోన్ మోగింది. ఇంకా దొరకలేదవ్వా అంటున్నాడాయన.

నాకు ఒళ్లు మండింది. పోయి కడిగేశాను. ఒక ముసలామె నీకు లేని కొడుకు కోసం ఏడుస్తుంటే పిల్లిని ఒళ్లో పెట్టుకుని అబద్ధమాడటానికి సిగ్గు లేదా అన్నాను. ఆయన తల ఎత్తలేదు.

"దొరికిండంటే మళ్ల ఎందుకు ఫోన్ చేస్తది చెల్లె?" అన్నాడు.

నువ్వు చెప్పకపోతే నేనే చెబుతానని బెదిరించి వచ్చాను. మూడు రోజులు గడిచాయి. నాలుగో సాయంత్రం ఆయన ఫోన్ గదిలోనే వదిలి పాల ప్యాకెట్‌కు పోయాడు. అది మోగింది. ఇదే అదను అని లోపలికి పోయి ఎత్తాను. పక్కింటి చెల్లెల్ని అని చెప్పాను.

"సుందర్ తిన్నడా బిడ్డా?" అంది హన్మవ్వ. తినలేదు, పాలకు పోయాడన్నాను. "పొద్దుందాక చేన్ల ఉంట. ఇంటికొస్తే పలకరించేతందుకు పిట్ట లేదు. గీ ఫోన్ చేసుడు కోసమే గబగబ వస్త," అంది. తర్వాత మెల్లగా అడిగింది, "పిలగాడు వచ్చిండా?"

ప్రబంధ్ నా కాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాడు. చెప్పడానికి నోరు తెరిచాను.

"ఇంకా రాలేదవ్వా," అన్నాను. "రేపు చెయ్యి."