పసుపు పెట్టని పుస్తకం

రేణుకమ్మ మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఇబ్రహీంపట్నంలో ఇంకా పుట్టలేదు. తన చదువు అక్షరాల దగ్గరే ఆగిపోయినా, ఏడేళ్ల మనవరాలు బుచ్చి తెలుగు పుస్తకం చదివి తీరాలని ఆమె పంతం. నిజాం సర్కారు బడిలో చదువంతా ఉర్దూ. అందుకే అరుగు మీద బడి నడిపే పంతులు దగ్గర పిల్లకు అక్షరాలు దిద్దించింది. కొడుకు సంజీవకు అది నచ్చలేదు.

"కోతల దాకా జూస్తనమ్మా. అప్పటికి సదువు రాకుంటే బుచ్చి మేకలెంబడి పోతది."

"నువ్వు బడికి పోయి ఏం ఉద్ధరించినవ్‌రా?" అని కసిరి, రేణుకమ్మ వారం అంగడికి పోయింది.

అక్కడ లాల్ మహమ్మద్ గోనెపట్టా మీద పుస్తకాలు పరిచి అమ్ముతాడు. ఆమె ఒక్కొక్కటీ చేత్తో తూచి, అన్నిట్లోకీ లావైన పురాణాన్ని పట్టుకుంది.

"జర సోంచాయించమ్మా, పిల్లకు బరువైతది," అని ఆలోచించుకోమన్నాడతను.

"మా పిల్ల బరువు నువ్వు మొయ్యకు!"

ఇంటికి తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, దేవుడి గూట్లో ఉంచింది. స్నానం చేయందే ముట్టకూడదు. తింటూ చదవకూడదు. వేలు తడిచేసి పేజీ తిప్పకూడదు. టీకాలేసేవాడి ముందు కూర్చున్నట్టు బుచ్చి ఆ పుస్తకం ముందు బిగుసుకుపోయేది. వచ్చిన అక్షరాలు కూడా గొంతులోనే ఉండిపోయేవి.

"నాయినమ్మా, నాకు మేకలే మంచిగున్నయ్" అంది చివరికి.

కోతలు దగ్గరపడుతుండగా, ఒక పొద్దున బుచ్చి వాకిట్లో పుట్నాలు నములుతూ కనిపించింది. పొట్లం కాగితాన్ని మోకాలి మీద పరిచి, ఉప్పు వేలితో అక్షరాలు తడుముతోంది. "వా... న... వాన!"

'తానం జేసినవా?' అని అరవబోయిన రేణుకమ్మ నోరు మూసుకుంది. పిల్లకు అక్షరమంటే భయం లేదు. భయమంతా తను పెట్టిన మడితోనే.

ఆ తర్వాతి అంగడికి బుచ్చిని వెంట తీసుకుపోయింది.

"ఖరాబైనా పాపం తగలని కితాబులు తియ్యి."

"గప్పుడే జెప్తి గదమ్మా!"

"జెప్పినవ్‌ లే. ఇప్పుడు నేను జెప్తున్న, తియ్యి."

లాల్ మహమ్మద్ నవ్వుతూ పల్చటి పుస్తకాలు పరిచాడు. రేణుకమ్మ చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఏరుకునే పని బుచ్చికే వదిలింది. చీమల బారులాంటి సన్న అక్షరాల పుస్తకాన్ని పిల్ల పక్కన పెట్టేసింది. ఇంకోదాంట్లో బొమ్మలే లేవు. పెద్ద అక్షరాలతో, పేజీకో బొమ్మతో, చిక్కుడు తీగ మేస్తున్న మేక ఉన్నదాన్ని తెరిచి, జనం నడిచే దారిలోనే చతికిలబడి చదవడం మొదలుపెట్టింది. లేవమంటే లేవదు.

కోతల ముందు ఒక సాయంత్రం సంజీవ పొలం నుంచి వచ్చేసరికి, బుచ్చి రొట్టె తింటూ, తప్పిపోయిన మేక కథను తడబడుతూ చదువుతోంది. ఆగడం లేదు. అతను పుస్తకం తీసి చూశాడు. పేజీల నిండా కారం వేళ్ల గుర్తులు, ఒక మూల చిరుగు.

"ఏందమ్మా, గింత ఖరాబు జేసింది?"

"సదివితే గట్లనే అయితది. నీ పుస్తకాలు ఇంకా కొత్తగనే ఉన్నయ్ గదరా!"

సంజీవ నవ్వి కూతురి పక్కన కూలబడ్డాడు. "తర్వాతేమైందే బుచ్చీ? మేక దొరికిందా?"

"ఉండు బాపూ, ఇంకా గక్కడిదాకా సదువలే!"